బాలు పేరు పెడితే మైలపడిందా?

మా పక్కింటి పెద్దాయన పేపరు చదివేది తన కోసం కాదు, వీధి కోసం. పొద్దున్నే అరుగు మీద కూర్చుని, చదివిన ప్రతి వార్తకీ ఒక తీర్పు చెప్పిగానీ కాఫీ ముట్టడు. మొన్న ఆ తీర్పు మన నెల్లూరు ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాల మీద పడింది.

"ఏందబ్బయా, శాస్త్రీయ సంగీతం నేర్పే బడికి సినిమా పాటలు పాడినాయన పేరు పెట్టడమేంది? ఒక విద్వాంసుడి పేరే దొరకలేదా వీళ్లకి?" అన్నాడు.

ఆ బడికి ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పేరు పెడుతున్నట్టు ప్రభుత్వం చెప్పింది 2020 నవంబరులో. ఈయనకి ఇప్పుడు గుచ్చుకుంది. సరే, పెద్దాయన కదా అని నవ్వి ఊరుకుందామనుకున్నా. ఆయన ఊరుకోనిస్తేగా! కొడుకు లండన్‌లో ఉండాడు, ఏ మాట మొదలైనా చివరికి అక్కడికే చేరతుంది.

"ఆడ చూడు. రాయల్ ఆల్బర్ట్ హాలని ఉంది, మావాడు ఫొటోలు పంపిచ్చాడు. ఆడ క్లాసికల్ అంటే క్లాసికలే. పాప్ వాళ్ల దారి పాప్ వాళ్లది. ఇట్టా కలగాపులగం చేసుకోరు."

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా పెద్దలు! పెరట్లో వేపచెట్టు ఉంటుంది. పళ్లు తోముకునే పుల్ల దానిదే, మధ్యాహ్నం మంచం వాల్చుకునే నీడ దానిదే, ఉగాది పచ్చట్లోకి పువ్వు దానిదే, అమ్మవారు పోస్తే పక్కన పరిచే మండలు దానివే. అయినా మందు అనేసరికి మాత్రం ఎక్కడో ఊరవతల చెట్టు కావాలి. ఆ చెట్టు ఎంత దూరాన ఉంటే అంత గుణం.

మన బాలుకీ అదే జరిగింది. గూడూరులో కాళిదాసు కళానికేతన్ వాళ్లు పాటల పోటీ పెడితే పాడాడు ఆ పిల్లవాడు. మనవాళ్లు రెండో బహుమతి ఇచ్చారు. అతిథిగా వచ్చిన ఎస్. జానకిగారు విని, మొదటి బహుమతి రావలసింది ఇతనికి కదా అన్నారు. సినిమాల్లో ప్రయత్నించమని చెప్పింది కూడా ఆవిడే. మన పెరట్లో చెట్టు గుణం ఆమె చెప్తేగానీ మనకు తెలీలా. సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడులో పుట్టిన ఆత్రేయ సంగతి మాత్రం ఏం బాగుంది? మనసు కవి అని రాష్ట్రమంతా అంటుంది, ఆయన మనవాడని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

ఇక లండన్ సంగతికి వస్తా. పెద్దాయన చెప్పినట్టు లేదు అక్కడ. ఆ ఆల్బర్ట్ హాల్లోనే ప్రతి ఎండాకాలం ప్రామ్స్ అని సంగీతోత్సవం జరుగుతుంది. 1895లో మొదలెట్టారు. డబ్బున్నవాళ్లకే కాదు, మామూలు మనిషికీ మంచి సంగీతం అందాలని, తక్కువ టికెట్టుతో నిలబడి వినే ఏర్పాటు చేశారు. ఇప్పటికీ అట్లాగే నిలబడి వింటారు. 2023 జులైలో ఆ ఉత్సవంలోనే ఒక సాయంత్రం మొత్తం ఎవరి పేరున జరిగిందో తెలుసా? లతా మంగేష్కర్ పేరున. బర్మింగ్‌హామ్ సింఫనీ ఆర్కెస్ట్రా వాయిస్తుంటే పలక్ ముచ్ఛల్ వెళ్లి ఆ సినిమా పాటలు పాడింది. అంతకుముందు 2019 అక్టోబరులో అదే హాల్లో బాహుబలి వేసి, కీరవాణిగారి సంగీతాన్ని ఆర్కెస్ట్రాతో ఎదురుగా వాయించారు.

ఆ 2023లోనే మే 6న వాళ్ల రాజుగారి పట్టాభిషేకం. దానికి 12 కొత్త సంగీత రచనలు చేయించారు. అందులో ఒకటి ఆండ్రూ లాయిడ్ వెబ్బర్‌ది. ఆయన జీవితమంతా నాటకశాలల్లో జనం టికెట్లు కొనుక్కుని వినే పాటలు కట్టినవాడు. ఆయన పాటా వినిపించింది, 1727 నుంచి ప్రతి పట్టాభిషేకానికీ పాడుతున్న హాండెల్ రచనా వినిపించింది. ఒకే చర్చి, ఒకే రోజు. ఎవరికీ మైల అంటలేదు. నవంబరులో బీటిల్స్ పాట ఒకటి వచ్చింది. ఎప్పుడో పోయిన జాన్ లెనన్ గొంతును 1970ల నాటి పాత క్యాసెట్టులోంచి తీసి, దానికి వయొలిన్ల బృందాన్ని జతచేశారు. అదీ అక్కడ మొదటి స్థానానికి వెళ్లింది. వాళ్లకు లేని గోడ మనకెందుకంటే పెద్దాయన పేపరు తిప్పాడు.

గోడ అసలు లేదు కాబట్టే నాకింత పట్టుదల. 1979 జులైలో వేటగాడు వచ్చింది. వానలో ఎన్టీఆర్, శ్రీదేవి పాట మన ఊళ్లో మోగని హోటలు లేదు. రాసింది వేటూరి, సుశీలతో కలిసి పాడింది బాలు. ఏడు నెలలు తిరిగేసరికి, 1980 ఫిబ్రవరి 2న శంకరాభరణం. దానికీ రాసింది వేటూరే, పాడింది బాలే. రామదాసు కీర్తనలు, సదాశివ బ్రహ్మేంద్రుల కృతి కూడా అందులో ఉన్నాయి. బాలు శాస్త్రీయంగా సంగీతం నేర్చుకున్నవాడు కాదు, ఆ మాట ఆయనే పదిచోట్ల చెప్పుకున్నాడు. కె.వి. మహదేవన్ కట్టిన వరసల్ని ఆయన సహాయకుడు పుగళేంది దగ్గరుండి నేర్పిస్తే, పట్టుబట్టి నేర్చుకుని పాడాడు. మొదటి జాతీయ అవార్డు దానికే వచ్చింది. మొత్తం ఆరు, నాలుగు భాషల్లో. అందులో కన్నడానికి వచ్చింది పంచాక్షర గవాయి అనే హిందుస్తానీ విద్వాంసుడి మీద తీసిన సినిమాకి. రిక్షా తొక్కేవాడు, చేపలబుట్ట దించుకుని టీ తాగే ఆమె రాగం పేరు తెలియకుండానే శంకరాభరణం పాటలు పాడుకున్నారు. ఏ సభ చేసింది ఆ పని?

ఇక్కడ నాకు నిజంగానే కోపమొచ్చింది. ఎందుకంటే మైపాడు రోడ్డులో ఒక కల్యాణ మండపంలో నేను కళ్లారా చూసింది గుర్తొచ్చింది. సన్నాయి ఆయన్ని తీసుకెళ్లి వంటపాత్రల పక్కన ఒక చాప వేసి కూర్చోబెట్టారు. ఆయన సన్నాయికి దారంతో వేలాడే పీకల్లో ఒకటి తీసి, నోట్లో తడుపుకుని, ఊది చూసి, బాగాలేదని ఇంకోటి బిగించుకున్నాడు. ఎవరూ వినకపోయినా శ్రుతి కుదరాలి ఆయనకి. మోహన అందుకున్నాడు. రెండు నిమిషాలు కాలేదు, పెళ్లివారు వచ్చి "గట్టిమేళం అయిపోయిందిగా, ఇంక ఆపబ్బా, డీజే మొదలెట్టాల" అన్నారు. ఆయన మాట్లాడకుండా పీక తుడుచుకున్నాడు. డీజేకి అడిగినంతా ఇచ్చినవాళ్లు, ఈయన దగ్గర బస్సు చార్జీకి బేరమాడారు. అట్లా ఆపించినవాళ్లే రేపు అరుగెక్కి సినిమా పాట శాస్త్రీయాన్ని చెడగొట్టిందంటారు. సినిమా పాట చెడగొట్టలేదయ్యా, మీ బేరం చెడగొట్టింది! విద్వాంసుణ్ణి చాప మీదనుంచి లేపింది మీరు!

బాలు తండ్రి సాంబమూర్తిగారు హరికథకులు. ఆ నెల్లూరింటి పిల్లవాడు దేశమంతా పాడి, చివరికి 2020 ఫిబ్రవరిలో తిప్పరాజువారి వీధిలో ఇంటిని వేదపాఠశాలకని కంచి మఠానికి రాసిచ్చాడు. ఆ సెప్టెంబరు 25న పోయాడు. ఇంటినే ఇచ్చిపోయినవాడి పేరు ఒక బడి బోర్డు మీద ఉంటే తప్పా?

పెద్దాయనకు ఒకటే అడిగా: "ఆ బడి గడప ఎప్పుడన్నా తొక్కావా అన్నా?" తొక్కలేదు. ఆయన మనవడూ, మనవరాలూ ఊళ్లోనే ఉన్నారు, సాయంత్రమైతే ట్యూషన్లకి పోతారు. బడికి ఎవరి పేరుందో చూస్తున్నాం గానీ, లోపల ఎంతమంది పిల్లలు కూర్చున్నారో చూడ్డంలేదు. మీ ఇంట్లో పాడుకునే పిల్లో, పిల్లవాడో ఉంటే తీసుకెళ్లి చేర్పించండి. ఇంట్లో పెళ్లి పెట్టుకుంటే మేళంవాళ్లకి అడిగినంత ఇవ్వండి, నాలుగు కుర్చీలు వాళ్ల ఎదురుగా వేయించి, మీరూ ఒక పది నిమిషాలు కూర్చోండి.