సైకిలుపై మౌలాలి కొండకు

విహారమనగానే మనకు రైలుపెట్టెయు, అన్నపుమూటలును, పదిదినముల సెలవును జ్ఞప్తికి వచ్చును. ఈ నెల మేము చెప్పబోవు విహారమునకు అవియేవియు నక్కరలేదు. హైదరాబాదునందలి తార్నాకలో తెల్లవాఱుజామున బయలుదేఱి, మౌలాలి కొండను జూచి, ఇంటిల్లిపాది ఫలాహారపు వేళకు తిరిగి రావచ్చును. వాహనము సైకిలు. తొక్కవలసినది మనమే.

“ఈ వయస్సున సైకిలా?” అని మీరడుగుదురు. మేమును అట్లే అడిగితిమి. మాకు ఏబదిరెండవయేడు నడచుచుండగా, ఉద్యోగము చేయుచున్న మా అమ్మాయి సెలవులకు వచ్చి, రెండు సైకిళ్ళు అద్దెకు దెచ్చి, మమ్ము ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణకు దీసికొనిపోయినది. అచ్చట విశాలమైన బాటలు, ఇరుప్రక్కల చెట్లు, ఉదయవేళ వాహనముల రద్దీ తక్కువ. 1939లో ప్రారంభింపబడిన ఆర్ట్సు కళాశాల భవనము ముందు, ఆ గులాబిరంగు రాతిగోడల నీడలో, మేము రెండుమాఱులు పడితిమి. నడకకు వచ్చిన పెద్దలు కొందఱు నవ్విరి. మూడువారములు గడచుసరికి పడుట మానితిమి. నవ్వుటయు వారు మానిరి.

ఇందులకు ముందు ఒక సంగతి మీతో దాచక చెప్పవలెను. మా అమ్మాయి చిన్ననాడు అన్నగారి పెద్ద సైకిలును కైంచి తొక్కి నేర్చుకొన్నది. సీటుపై గూర్చుండుటకు ఎత్తు చాలక, ఇనుప కడ్డీల నడుమనుండి కాలు దూర్చి తొక్కుటను మా వీథిలో కైంచి యందురు. బడికి అట్లే పోయెడిది. ఈడు వచ్చిన నెలలోనే మేము దానిని మాన్పించితిమి. ఎవరును మమ్ము నిర్బంధింపలేదు. పొరుగువారేమందురో యని మేమే ముందుగా భయపడితిమి. సైకిలు గోడకు జేరవేయబడి, తుప్పుపట్టి, పాతసామానులవానికి పోయినది. పిల్ల యేడువలేదు, మరల అడుగను లేదు. అందువలన ఆ సంగతి ముగిసినదని మేమనుకొంటిమి.

ఇక ప్రయాణమునకు వత్తము. పుష్యమాసపు ఆదివారమున, ఇంకను చీకటి తొలగకుండగనే తార్నాక కూడలి దాటి లాలాపేట మీదుగా ఉత్తరమునకు దిరిగితిమి. బస్సులో పోవునప్పుడు ఈ నేల సమతలమని తోచును. కాని సైకిలు నిజము చెప్పును. ఒక మిట్ట, వెంటనే యొక పల్లము, మరల మిట్ట. ఇట్లేల యుండునన, ఇది రాతి దక్కను నేల. ఇచ్చటి నల్లనెఱ్ఱని గండశిలలు సుమారు రెండువందల యేబది కోట్ల సంవత్సరముల నాటివి. వాని నడుమ కురిసిన వానయంతయు పల్లములబడి, చెఱువులలో నిలిచి, పిదప దక్షిణమున మూసీనదికి జేరును. మూసీ వికారాబాదు దగ్గఱి అనంతగిరి కొండలలో బుట్టి, మన నగరము మధ్యగా బాఱి, వాడపల్లికడ కృష్ణలో గలియును. మనము ఎక్కి దిగు ప్రతి మిట్టయు పల్లమును ఆ నదికి నీరుబోవు త్రోవయే. భూగోళపు పుస్తకములో దీనిని కంటితో జదివితిమి. ఆ దినమున మోకాళ్ళతో జదివితిమి.

ఎక్కుడులో రొప్పు వచ్చినచో సిగ్గుపడక గేరు మార్చుకొనవలెను. ముందు చిన్న పళ్ళచక్రమును, వెనుక పెద్ద పళ్ళచక్రమును గూడినచో తొక్కుట తేలికయగును, నడక మందగించును. అదియు చాలనినాడు దిగి నడిపించుకొనిపోవుటలో తప్పులేదు; మేము రెండుచోట్ల దిగితిమి. దిగుడులో ముందు బ్రేకు నొక్కదానినే గట్టిగా బట్టరాదు, బండి తలక్రిందగును. రెండు బ్రేకులను గూడ మెల్లమెల్లగా పట్టి వదలవలెను. సీటు ఎంత ఎత్తుండవలెననగా, పెడలు అడుగునకు వచ్చినప్పుడు దానిపై మడమ యుంచిన కాలు చక్కగా చాపుకొనవలెను. ఇంతకంటె దించినచో మోకాలినొప్పి తప్పదు. చీరకుచ్చెళ్ళు చెయినులో బడకుండ గోచి పోసికట్టిన మేలు. మన తెలంగాణపు పొలములలో ముసలమ్మలు కట్టు కట్టు అదియే. సల్వారు తొడుగువారికి ఆ చిక్కులేదు. తలకు హెల్మెటు, సంచిలో నీళ్ళు, పల్లీపట్టి రెండు ముక్కలు, ఇవి మఱువరాదు.

దూరమునుండి మౌలాలి కొండ పండుకొన్న యేనుగువలె గనబడును. కుతుబ్‌షాహీల కాలమున ఇది ఊరికి దూరమైన పల్లె. ఇబ్రహీము కుతుబ్‌షా కొలువులోని యాకూతను నతనికి స్వప్నమున హజ్రతు అలీ ఈ కొండపై దర్శనమిచ్చెననియు, మేల్కొని పోయి చూడగా రాతిపై హస్తపు గుఱుతు గనబడెననియు స్థలకథ. అది 1578 నాటి మాటయందురు. పిమ్మట కొండపై దర్గా వెలసినది. ‘మౌలా అలీ’ యను పేరే నోటబడి మౌలాలి యైనది. రజబు నెలలో ఉత్సవము జరుగును. మొక్కుకొనువారిలో హిందువులును గలరు. సైకిళ్ళు దిగువనుంచి, దాదాపు ఐదువందల మెట్లు మేము కాలినడక నెక్కితిమి. పైనుండి చూడగా ఒకప్పటి పల్లె లేదు. రైలుపట్టాలు, కార్ఖానాలు, మేడలు, నడుమ నడుమ పచ్చని చెఱువునీరు.

దిగిన పిదప కొండపాదమున మహ్ లఖా బాయి చందా సమాధితోటకు బోయితిమి. ఈమె 1768 నుండి 1824 వఱకు జీవించినది. నిజాము కొలువులో నర్తకి, ఉర్దూ కవయిత్రి. ఆమె జీవనమార్గము మన గృహిణుల మార్గము కాదు. అయినను ఆమె శక్తిని కాదనుట న్యాయము గాదు. గుఱ్ఱపుస్వారియందును, విలువిద్యయందును నేర్పరియై, వేటలకును దండయాత్రలకును నిజాముతో బోయెడిదట. అడిక్‌మెట్‌లో ఆమెకు జాగీరుండెననియు, మేము సైకిలు నేర్చిన విశ్వవిద్యాలయపు భూమిలో కొంత అందులోనిదే యనియు చెప్పుదురు. 1792లో ఆమె తన తల్లి రాజ్‌కున్వర్ బాయికై ఈ సమాధిని గట్టించినది. తుదకు తానును తల్లిప్రక్కనే నిదురించినది. చాలకాలము పాడుపడియున్న ఈ తోట 2010-11లో అమెరికా దేశపు సహాయధనముతో బాగుచేయబడినది.

ఈ కథ మేము చెప్పుచుండగా మా అమ్మాయి మెట్టుపై గూర్చుండి పల్లీపట్టి తినుచుండెను. విని, “అమ్మా, ఈమెను గుఱ్ఱం మీదినుంచి ఎవరూ దించలేదన్నమాట” అన్నది. గొంతులో కోపములేదు. మేము సమాధానము చెప్పలేకపోతిమి. కొంతసేపటికి, “దించవలసినది కాదు, తప్పు నాదే” నంటిమి. అది నీళ్ళసీసా మాకందిచ్చి, “తాగు, ఎండ వస్తోంది, బయలుదేరుదాం” అన్నది. అంతకుమించి మాటలు సాగలేదు. కాని పదునెనిమిదేండ్లుగా మా యిద్దఱి నడుమ గోడకు జేరవేయబడియున్న ఆ సైకిలు ఆ దినమున కదలినట్లు తోచినది.

సోదరీమణులారా! ఇది మా యింటి మాత్రపు సంగతి గాదు. నేటి రూపపు సైకిలు 1885లో ఇంగ్లండున స్టార్లీ చేసినది; 1888లో డన్లపు గాలిటైరును వాడుకలోనికి దేగా అందఱును ఎక్కదగినదైనది. 1894లో ముగ్గురు బిడ్డల తల్లియైన అన్నీ లండన్‌డెఱ్ఱీ బోస్టనునుండి బయలుదేఱి, చాలభాగము ఓడలపై నైనను, సైకిలుతో లోకము చుట్టివచ్చినది. మన పొరుగున తమిళనాడు పుదుక్కోట్టలో 1990ల మొదట అక్షరాస్యతా ఉద్యమముతోబాటు లక్షకు పైగా పల్లెపడుచులు సైకిలు నేర్చిరి. బీహారులో 2006నుండి తొమ్మిదవ తరగతి బాలికలకు ప్రభుత్వము సైకిళ్ళిచ్చినది. దాని ఫలమును బరిశీలించిన పండితులు, ఉన్నతపాఠశాలలో జేరు బాలికల సంఖ్య 32 శాతము పెరిగినదని 2017లో ప్రకటించిరి. బడి దగ్గఱకు రాలేదు, బాట మాఱలేదు. పిల్ల కాలిక్రింద రెండు చక్రములు వచ్చినవి, అంతే.

భయపడు తల్లుల మాటయు మేమెఱుగుదుము. బాటలలో లారీలున్నవి, అల్లరిమూకలున్నవి. అందులకు మందు సైకిలును దాచుట గాదు. తెల్లవాఱిన పిమ్మట ఒంటరిగా గాక ఇద్దఱు ముగ్గుఱుగా పోవుట, రద్దీలేని త్రోవ నేర్చుకొనుట, కుదిరినచో తల్లియే తోడుగా తొక్కుట. ఈడు వచ్చిన పిల్లకు మనము నేర్పవలసిన జాగ్రత్తలు పెక్కు గలవు. కాళ్ళు ముడుచుకొనుట అందులో జేరదు.

తిరుగు ప్రయాణమున మిట్టలన్నియు పల్లములైనవి. తార్నాక జేరుసరికి ఎనిమిదిన్నర. మా అమ్మాయి ముందు పోవుచు, మలుపుమలుపునకు వెనుదిరిగి మేము వచ్చుచున్నామా యని చూచుచుండెను. చిన్ననాడు దానివెనుక మేము అట్లు పరుగెత్తవలసినది. ఆలస్యముగానైనను ఆ బాట దొరకినది. మీ యింట గోడకు జేరవేసిన సైకిలున్నచో, ఈ ఆదివారమే దుమ్ము దులిపి, టైర్లకు గాలి కొట్టింపుడు.