పగిలినది, పగులగొట్టినాడు

మన యిండ్లలో ప్రతిదినమును వినబడు వ్యాకరణ మొకటి కలదు. చిన్నయసూరిగారు 1858లో ప్రకటించిన బాలవ్యాకరణమున దీనికి సూత్రము లేదు. పొరుగింటి పిల్లవాని చేతినుండి మన గాజుగ్లాసు జారినచో "వాడు పగులగొట్టినాడు" అందుము. మన చేతినుండియే జారినచో "పగిలినది" అందుము. గ్లాసునకు తనంతట తానే పగులు బుద్ధి పుట్టినట్లును, మన మచ్చట ఊరక సాక్షులమై నిలిచియున్నట్లును ఆ మాట ధ్వనించును.

పరీక్షాఫలితములు తెలిసిన దినమున ఈ వ్యాకరణము మఱింత స్ఫుటముగా వినవచ్చును. "నేను ప్యాసయితిని" అని యొకడు. "నన్ను ఫెయిలు చేసినారు" అని మఱియొకడు. "నేనే ఫెయిలయితిని" అనువారు లేకపోలేదు గాని, వారి గొంతు అంతదూరము వినబడదు. మార్కులు మంచివైనచో తండ్రిగారికి "మావాడు". కానిచో తల్లివంక తిరిగి "నీ కొడుకు". ఉపాధ్యాయులమగు మేమును ఇందు వెనుకబడినవారము కాము. బాగుగ చదువు తరగతికి చదువు చెప్పినది మేము. చదువని తరగతి క్రిందటి యేడే చెడి వచ్చినది!

ఇట్టివానిని కనిపెట్టువాడే హాస్యరచయిత. అతనికి మహారాజులును యుద్ధములును అక్కఱలేదు. ఆంగ్లదేశమున ఆడిసన్, స్టీలు అనువారు 1711లో స్పెక్టేటర్ పత్రిక నారంభించి, కాఫీదుకాణములలోని కబుర్లను, స్త్రీల విసనకఱ్ఱలను సైతము విడువక వ్రాసిరి. ఆ మార్గముననే పానుగంటి లక్ష్మీనరసింహారావుగారు (1865-1940) 1913 మొదలుకొని సాక్షి వ్యాసములు వ్రాసి, జంఘాలశాస్త్రి నోట ఆంధ్రులను ఆంధ్రులయెదుటనే చీవాట్లు పెట్టించిరి. చీవాట్లు పెట్టువాడును ఆంధ్రుడే. అందుచేతనే అవి చెవి కెక్కినవని మా యభిప్రాయము.

చెవి కెక్కుట సులభము కాదు సుడీ. మందిరమున లోభమును గూర్చి ప్రసంగము జరుగునపుడు పరికింపుడు. గట్టి మాట వచ్చినపుడెల్ల తలలు ప్రక్కబల్లవంక తిరుగును. వెలుపలికి వచ్చిన పిమ్మట "వారికి బాగుగ తగిలినది" అని యొండొరులు సంతోషింతురు. నలుసును దూలమును గూర్చిన సువార్త ఉపమానమును వినునపుడు సైతము, ఆ దూలము ఎవరి కంట నున్నదో మనకు తక్షణమే తోచును.

పాఠశాలలో నవ్వు ప్రవేశించినచో క్రమశిక్షణ చెడునని కొందఱు పెద్దలు భయపడుదురు. మే మట్లు తలపము. కాని ఏ నవ్వు అనునది విచారింపవలసియున్నది. నత్తిగల బాలుడొకడు పద్యము చదువుచు మూడవ పాదమున ఆగిపోయినపుడు, తరగతిలోని నలువదిమందియు గొల్లున నవ్వినారనుకొనుడు. వాడు ఆ సంవత్సరమంతయు మఱల లేచి చదువడు. పల్లెనుండి క్రొత్తగా వచ్చినవాని యాసను అనుకరించి నవ్వు నవ్వును ఇట్టిదే. హాస్యరచయిత తన్నును లెక్కలో చేర్చుకొనియే నవ్వును; ఇచ్చట నవ్వువారు నలువదిమందియు లెక్క వెలుపల నుందురు. ఏమిరా యని గద్దించినచో "మేమేమి చేసితిమండీ? నవ్వు వచ్చినది" అందురు. మఱల అదే వ్యాకరణము! నవ్వు వచ్చినది, బాలుని మనస్సు పగిలినది. పగులగొట్టినవాడు ఒక్కడును లేడు.

కావున వచ్చు సంవత్సరము మన సాహిత్యసంఘమున నెలకొక హాస్యవ్యాసము చదివింపవలెనని మేము కోరుచున్నాము. విషయము ఏదైనను సరే: పెండ్లిపందిరి, రైలుబండి, సంత, అరువు తెచ్చుకొన్న గొడుగు. నిబంధన యొక్కటి మాత్ర ముండవలెను. వ్రాయువాడు తన వ్యాసములో తానొక పాత్రయై యుండవలెను, ఆ పాత్రను చూచియే సభ మొదట నవ్వవలెను. ఉపాధ్యాయులును ఇందుకు తప్పించుకొనరాదు.

ఇంతవరకు చదివిన పాఠకమహాశయులలో కొందఱు ఈ సంచికను మడిచి పట్టుకొని, దీనిని ఎవరికి చూపవలెనా యని యోచించుచుందురని మే మెఱుగుదుము.