మానసిక వైద్య వార్డుల్లో రాత్రిపూట చీకటి కావాలి

బైపోలార్ రోగుల కుటుంబాలకు, వైద్యులకు, ఆరోగ్య శాఖ అధికారులకు మనవి!

బైపోలార్‌లో మేనియా (ఉత్సాహం, ఉద్రేకం హద్దు మీరే దశ) ముదిరిన మనిషికి నిద్ర పట్టదు. నిద్ర తగ్గేకొద్దీ మేనియా ఇంకా పెరుగుతుంది. అలాంటి మనిషిని తీసుకెళ్ళి తెల్లటి ట్యూబులైటు కింద పడుకోబెడుతున్నాం. నర్సు కేస్‌షీటు రాయాలి, రోగి కంటికి కనబడాలి కాబట్టి చాలా వార్డుల్లో ఆ లైటు తెల్లవార్లూ వెలుగుతూనే ఉంటుంది. ఇది మారాలి.

మన రెటీనాలో పగలో రాత్రో మెదడుకు కబురు పంపే ప్రత్యేక కణాలున్నాయి. వాటిలోని మెలనాప్సిన్ ముఖ్యంగా నీలి కాంతికి స్పందిస్తుంది. ఆ నీలాన్ని నారింజరంగు అద్దాలతో ఆపేస్తే, కళ్ళు తెరిచి తిరుగుతున్నా మెదడు మటుకు చీకటి పడిందనే అనుకుంటుంది.

నార్వేలో టోనే హెన్రిక్సన్ బృందం ఆసుపత్రిలో చేరిన మేనియా రోగులతో దీన్ని పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించింది. మందులు మానకుండానే కొందరు నారింజ కళ్ళద్దాలు, మిగతావారు మామూలు తెల్లద్దాలు ఏడు రోజులు వాడారు. సాయంత్రం 6 నుంచి ఉదయం 8 దాకా పెట్టుకోవాలి. లైటార్పి పడుకున్నాక తీసేయవచ్చు, మధ్యలో లేచి లైటు వేస్తే మళ్ళీ పెట్టుకోవాలి. వారం తిరిగేసరికి నారింజ అద్దాలవారి మేనియా స్కోరు సగటున 14 పాయింట్లు పడిపోయింది. తెల్లద్దాలవారికి రెండు పాయింట్లు కూడా తగ్గలేదు.

లెక్కలోకి వచ్చినవారు 23 మందే, నిజమే. అందుకే మా మొదటి కోరిక: ఎర్రగడ్డ, విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో ఈ పరీక్ష మన రోగులతో పెద్ద ఎత్తున జరగాలి. రెండోది, ఈలోగా వార్డుల్లో సాయంత్రం నుంచి తెల్ల లైట్లు తీసి, అద్దాల్లాగే నీలి కాంతిని తగ్గించే మసక నారింజ బల్బులు పెట్టడానికి ఆ ఫలితాల కోసం ఆగనక్కర్లేదు. అయ్యే ఖర్చు బల్బుల ఖరీదే.

కుటుంబాలకు ఒక గట్టి మాట. లిథియం గానీ మరే మందు గానీ ఈ కళ్ళద్దాల కోసం ఆపకండి. దుకాణాల్లో అమ్మే తెల్లటి ‘బ్లూ కట్’ అద్దాలు ఈ పనికి చాలవు. నారింజ అద్దాలతో రాత్రి బండి నడపకూడదు. మనిషి దిగులుగా, డీలాగా కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి, డిప్రెషన్ వైపు జారే వీలుంది. సందేహముంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. ఈసారి ఓపీకి వెళ్ళినప్పుడు, మావాడికి ఈ కళ్ళద్దాలు పనికొస్తాయా, ఎన్ని గంటలు పెట్టాలి అని డాక్టరుగారిని నోరు తెరిచి అడగండి.