గోరాకు గాంధీ ఇవ్వని తీర్పు

టీవీ చర్చల్లో ఒకవైపు స్వామీజీని, మరోవైపు హేతువాదిని కూర్చోబెడతారు. గంటసేపు అరుచుకున్నాక ఇద్దరూ ఏ మాట మీద కూర్చున్నారో ఆ మాట మీదే లేస్తారు. అలాంటిది చూసినప్పుడల్లా నాకు గోరా, గాంధీ గుర్తొస్తారు.

గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు, వృక్షశాస్త్రం చెప్పే అధ్యాపకుడు. నాస్తికత్వం వల్ల 1933లో కాకినాడలో ఉద్యోగం పోయింది. తర్వాత బందరులోనూ అదే కథ. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. దేవుడంటే ఏమిటని ఆయన 1930లోనే గాంధీకి ఉత్తరం రాశారు. మనిషి బుద్ధికి అందనివాడని జవాబొచ్చింది. గోరాలాంటి మనిషికి అదేం సరిపోతుంది?

1940లలో సేవాగ్రాం వెళ్లి ఎదురెదురుగానే వాదించారు. కలకత్తాలో కరవు బాధితులు మిఠాయి దుకాణాల పక్కనే ఆకలితో పడి చనిపోవడం తాను చూశానన్నారు. అంతా దైవేచ్ఛ అనుకోబట్టే వాళ్లు ఆ మిఠాయిల మీద చేయి వేయలేదన్నది ఆయన వాదన. గాంధీ అంతా విన్నారు. తన ఆస్తికత్వమే ఒప్పనీ, గోరా నాస్తికత్వం తప్పనీ తాను చెప్పలేనన్నారు. ఇద్దరమూ సత్యాన్ని వెతుక్కునేవాళ్లమే అన్నారు.

అంతమాత్రాన గాంధీని సందేహజీవి అనుకోవద్దు. 1934 బీహారు భూకంపాన్ని అంటరానితనం అనే పాపానికి దేవుడు వేసిన శిక్ష అన్నది ఈయనే. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు. రవీంద్రనాథ్ ఠాగూర్‌కూ పడలేదు, బాహాటంగానే ఖండించారు. ఆ ఖండనను గాంధీ తన ‘హరిజన్’ పత్రికలోనే అచ్చువేసి, తన మాట మీద తాను నిలబడ్డారు. నమ్మకం అంత మొండిది. అయినా ఎదుటివాడి నోరు నొక్కే పనికి దాన్ని వాడలేదు.

అసలు సందేహం అపచారమని మనకెవరు నేర్పారు? పోతన గజేంద్రుడు మొసలి నోట చిక్కి, ప్రార్థన నడుమనే, ఉన్నాడంటున్న ఆ దేవుడు నిజంగా ఉన్నాడా అని అడిగేస్తాడు. ఆ పద్యాన్ని మనవల చేత వల్లె వేయించిన తాతలెవరూ దాన్ని దైవదూషణ అనుకోలేదు. ఇప్పుడైతే ఎవరో ఒకరు మనోభావాలు దెబ్బతిన్నాయని పోలీస్ స్టేషన్‌కు వెళ్లేవారేమో.

నన్నడిగితే, ఒక మనిషి ఎంత గట్టిగా నమ్ముతున్నాడన్నది కాదు, ఆ నమ్మకానికయ్యే ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారన్నది చూడాలి. గోరా తన ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. గాంధీ తన కడుపు మాడ్చుకున్నారు. ఇవాళ గట్టిగా నమ్మేవాళ్లలో చాలామంది ఆ బిల్లు పక్కింటికి పంపుతున్నారు. ఇందులో నాస్తికులకూ మినహాయింపేమీ లేదు. పూజ చేసుకునే ముసలమ్మను వెర్రిబాగులదని వెక్కిరించడానికి ఏ త్యాగమూ అక్కర్లేదు.

గోరా తన పెద్దకూతురిని దళిత యువకుడికిచ్చి పెళ్లి చేయదలచినప్పుడు, సేవాగ్రాంలో తానే జరిపిస్తానని గాంధీ మాటిచ్చారు. ప్రమాణంలో దేవుడి పేరు వద్దంటే సరేనన్నారు, సత్యం పేరు పెడదామన్నారు. తన ప్రార్థన మానలేదు, వాళ్లను ప్రార్థించమనీ అనలేదు. 1948 జనవరి 30న ఆయన మీద తుపాకి పేల్చినవాడికి మాత్రం తాను చేసింది ధర్మమేనన్న నమ్మకం నిండుగా ఉంది. కోర్టులోనూ అదే చెప్పుకొన్నాడు. పెళ్లి ఆగలేదు. మార్చి నెలలో సేవాగ్రాంలోనే జరిగింది.