అడంగల్ ఏ మూల దాచారు?

రైతులారా, విద్యార్థులారా, పింఛనుదారులారా!

సర్కారీ సేవల సైట్లు చాలావాటిని తెరవగానే ఏం కనబడుతుంది? నాయకుల ఫొటోలు ఒకదాని వెనక ఒకటి జరుగుతుంటాయి. వాటి కింద ‘సిటిజన్ సర్వీసెస్’, ‘డిపార్ట్‌మెంట్స్’, ‘అదర్ లింక్స్’. పొలం, పంట వివరాలుండే అడంగల్ కావాల్సిన మనిషి ఏది నొక్కాలి? ఒకటి నొక్కితే పీడీఎఫ్ దిగుతుంది, ఇంకోటి నొక్కితే మళ్లీ లాగిన్ అడుగుతుంది. వెనక్కి వచ్చామా, నింపిందంతా గల్లంతు. చివరికి నెట్ సెంటర్ కుర్రాడి చేతిలో డబ్బులు పెట్టి తీయించుకుంటాం. మనకు లేని చదువేదో అతనికి ఉందని కాదు, రోజూ తిరిగి తిరిగి దారి కనిపెట్టాడు, అంతే.

ఆ మెనూ కట్టినవాళ్లు ఏ సెక్షన్ ఏ శాఖ కింద ఉందో చూసి కట్టారు. మనం ఏ పని మీద వస్తామో చూడలేదు. అందుకే ఈ తిప్పలు.

మనం అడిగేది ఇదీ: మొదటి తెర మీద, ఫొటోలకన్నా పైన, జనం ఎక్కువగా వచ్చే పనులు తెలుగులో కనబడాలి. అడంగల్, 1బి, ఈసీ, కుల ధ్రువపత్రం, అర్జీ ఎంతవరకు వచ్చింది. తెలుగు ఎంచుకున్నాక లోపలి పేజీ మళ్లీ ఇంగ్లిష్‌లోకి జారకూడదు. ఏ పేజీలో ఉన్నామో పైన రాసి ఉండాలి. వెతికే పెట్టెలో ‘పాసుపుస్తకం’ అని కొట్టినా, ‘పాస్‌బుక్’ అని కొట్టినా ఒక్కచోటికే చేరాలి. స్క్రీన్ రీడర్‌తో వినే అంధులకు ప్రతి లింకూ ‘ఇక్కడ క్లిక్ చేయండి’ అనే వినబడితే ఏది ఏమిటో ఎలా తెలుస్తుంది?

ఎవరి దయా అడగడం లేదు. సమాచారం ఇచ్చేటప్పుడు స్థానిక భాషను దృష్టిలో పెట్టుకోమని 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ చెప్పింది. అది దివ్యాంగులకూ అందుబాటులో ఉండాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ చెప్పింది. ప్రభుత్వ వెబ్‌సైట్లకు కేంద్రం 2009లోనే మార్గదర్శకాలిచ్చింది, 2023లో మూడో కూర్పు కూడా తెచ్చింది. కాగితాలకేం, బోలెడున్నాయి!

ఈ ఆదివారం ఇంట్లో పెద్దవాళ్లకు ఫోనిచ్చి “అడంగల్ తీయండి” అనండి. మీరు నోరు మెదపొద్దు, వేలు చూపొద్దు. మొదట ఏది నొక్కారు, ఎక్కడ ఆగిపోయారు, రాసుకోండి. ‘సైటు బాగోలేదు’ అని అర్జీ పెడితే ‘చూస్తాం’ అని పక్కన పడేస్తారు. ‘అమ్మ సిటిజన్ సర్వీసెస్ నొక్కింది, ఇంగ్లిష్ పీడీఎఫ్ వచ్చింది, అక్కడే ఆగిపోయింది’ అని రాస్తే దాటెయ్యడం కష్టం.

సోమవారం పొద్దున్నే ఆ కాగితాలతో కలెక్టరేట్ గ్రీవెన్స్‌కు రండి. రసీదు అడిగి తీసుకోండి. ఫోనూ తెండి: బల్ల మీద పెట్టి “మీరే తీసి చూపించండి సార్” అందాం.