పరుల కోడును నమ్ముట యెట్లు?

విత్తనములు కొనుటకై ఆదోనికి బోయిన రైతు సంచిమీది బొమ్మను జూచి మోసపోవుట మన పల్లెలలో క్రొత్త గాదు. ఒకసారి నష్టపడినవాడు మరుసటి యేడు లాటు నంబరును, మొలక శాతమును, గడువు తేదీని చదివి, బిల్లు చేత బట్టుకొనిగాని దుకాణము దిగడు. 1966 నాటి విత్తనముల చట్టము అట్టి చీటీకి ఆధారముగ నున్నది. కాని యా రైతు కుమారుడే మన పాఠశాల కంప్యూటరు గదిలో గూర్చుండి వెబ్ పేజీ కట్టునపుడు, ఎవరో యెన్నడో వ్రాసిన జావాస్క్రిప్టు లైబ్రరీని పేరైనను సరిగ జదువక తన పేజీలోనికి దెచ్చుకొనుచున్నాడు. ఇది నాకు తగదని తోచుచున్నది.

కంప్యూటరు నెఱుగని తల్లిదండ్రుల కొఱకు ఒక మాట. ఇచట లైబ్రరీ యనగా పుస్తకముల యిల్లు గాదు. ఒకరు వ్రాసి పదిమంది వాడుకొనుటకై యుంచిన కోడు. 1995లో బ్రెండన్ ఐక్ అను నతడు నెట్‌స్కేప్ సంస్థలో పది దినములలో రూపు కట్టిన జావాస్క్రిప్టు భాష నేడు బ్రౌజరు లన్నిటను నడచుచున్నది. ఆ భాషలోని లైబ్రరీలు ఎన్‌పీఎం అను భాండాగారమున లక్షలకొలదిగ గలవు. ఎవరైనను తమ సరకు నందుంచవచ్చును. మొలక శాతము చెప్పుమని యడుగువారు లేరు.

గత సంవత్సరము నా తరగతి బాలుడొకడు మన విద్యార్థులు వచ్చెడి యూళ్ల పట్టికను తెలుగున వెబ్ పేజీగా జేసెను. పేర్లు గడిలో నిముడుటకై, తొమ్మిది యక్షరములకు మించినదానిని తొమ్మిదింటికి గుదించు చిన్న లైబ్రరీ నొకదానిని దెచ్చి పెట్టెను. ఆలూరు, ఆదోని చక్కగ నిలిచినవి. ఎమ్మిగనూరు మాత్రము ‘ఎమ్మిగనూర’ యై కూర్చుండెను. ఐదక్షరముల యూరు తొమ్మిదింటికి మించుట యెట్లని వాడు విస్తుపోయి, మూడు దినములు తన కోడులోనే తప్పు వెదకుకొనెను. లైబ్రరీని శంకింపనే లేదు. ఏలయన దానిని వేలమంది దింపుకొనినట్లు అచట వ్రాసియుండెను!

కారణ మిది. జావాస్క్రిప్టు లెక్కించునది మన యక్షరములను గాదు, యూనికోడు సంకేతములను. ఆలూరు మనకు మూడక్షరములు. దానికి ఆ యొకటి, ల యొకటి, దీర్ఘపు కొమ్మొకటి, ర యొకటి, కొమ్మొకటి, వెరసి యైదు. ఎమ్మిగనూరు పది. (1953 వఱకు బళ్లారి జిల్లాలో నుండిన మన తాలూకాకు కన్నడము కొత్త గాదు గదా, కన్నడ లిపిలో వ్రాసినను ఆలూరు ఐదే యగును.) ఆ లైబ్రరీ కర్త ఇంగ్లీషు మాటలతో మాత్రమే పరీక్షించి యుండును. అతనిని దూషింపను, అతని లిపిలో గుణింతములు లేవు. ఇంగ్లీషు మీటలతో తెలుగు వ్రాయించు ‘లేఖిని’యు జావాస్క్రిప్టుతో నడచునదే, కాని దానిని తెలుగు లిపి నెఱిగినవారు తెలుగు కొఱకే చేసిరి.

ఈ రోగమునకు మందు వేఱొక లైబ్రరీ యని బాలుడు తలచెను. కాదు. ఇంటల్ సెగ్మెంటర్ అను సాధనము భాషలోనే కలదు; 2024 ఏప్రిలు నాటికి పెద్ద బ్రౌజరు లన్నియు దానిని గైకొన్నవి. అది ఆలూరును మూడుగనే లెక్కించును. ఒత్తుల విషయమున మాత్రము జాగ్రత్త వలయును. తెలుగు ఒత్తును విడదీయరాదను నియమము 2023లో వెలువడిన యూనికోడు 15.1తో వచ్చినది, అంతకు ముందటి పద్ధతిని నడచు పాత బ్రౌజరులో ‘మ్మి’ రెండు ముక్కలై ఎమ్మిగనూరు ఆఱగును. మన యిండ్లలో పాత ఫోనులు తక్కువ గావు.

కావున నా యభిప్రాయ మేమనగా, విద్యార్థి మొదట చూడవలసినది భాండాగారమును గాదు, భాషను. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అను పదునొకండు పంక్తుల ప్యాకేజీని దాని కర్త యొక వివాదమున ఉపసంహరింపగా, దానిపై నాధారపడిన వేలకొలది పనులు ఒక్కసారిగ నాగిపోయెను. అది చేయు పని మాటకు ఎడమప్రక్క ఖాళీలు చేర్చుట మాత్రమే! మరుసటి యేడే ఆ పని భాషలో చేరెను. భాషలో నేమి యున్నదో తెలుపుటకు 2005లో మొజిల్లావారు ప్రారంభించిన ఎండీఎన్ పుటలు నమ్మదగినవి; ఏ సాధనము ఏ బ్రౌజరున నెప్పటినుండి యున్నదో యందు పట్టికయే కలదు. అది యింగ్లీషున నుండుటయే మన బాలుర భయము. దినమున కొక్క పుట చాలును.

లైబ్రరీ తప్పనిసరి యైనపుడు, దానిని నేడెవరు చూచుకొనుచున్నారని యడుగుడు. 2018లో ఈవెంట్ స్ట్రీమ్ అను దాని తొలి కర్త, సాయపడెదనన్న యపరిచితునికి పెత్తనము నప్పగింపగా, ఆ క్రొత్తవాడు బిట్‌కాయిన్లు దొంగిలించు కోడును దూర్చెను. పాలీఫిల్ చిరునామా 2024లో చేతులు మారిన పిదప లక్షకు పైగా సైట్లకు దుష్టకోడు చేరెను. అట్లు దూరపు చిరునామానుండి కాక, పరీక్షించిన ప్రతిని మన ఫోల్డరులోనే యుంచుకొనుట మేలు. దీనికి భిన్నముగ మోమెంట్ కర్తలు 2020లో తమ పని ముగిసినదనియు, క్రొత్తవారు వేఱొకటి యెంచుకొనవలెననియు తమ పుటలలోనే వ్రాసిరి. తన లోపమును తాను చెప్పు డాక్యుమెంటేషనును నేను నమ్మెదను. ఇక కృత్రిమ మేధ చెప్పినదని లేని ప్యాకేజీ పేరును కొట్టు బాలురు గలరు. అట్టి పేర్లతోనే వల పన్నువారును గలరు.

ఆ బాలుని పట్టిక యిప్పుడు సరిపడినది. కంప్యూటరు గది గోడపై ‘ఆలూరు 3, ఎమ్మిగనూరు 5’ అని సుద్దతో వ్రాయించితిని. క్రొత్త లైబ్రరీ తెచ్చిన ప్రతివాడును మొదట ఆ రెండు పేర్లను దానికిచ్చి, వచ్చిన లెక్కను నాకు చూపవలయును.