ఆట ఎక్కడ ముగుస్తుంది, జూదం ఎక్కడ మొదలవుతుంది?

రాజమహేంద్రవరం నుండి రావులపాలెం వెళ్ళే జాతీయ రహదారిపై, గౌతమీ వంతెనకు ఈవల ఉన్న ఊరు జొన్నాడ. ఇటీవల ఒక వలీమా విందుకు ఆ ఊరు వెళ్ళినప్పుడు, ఇషా నమాజు తర్వాత ఒక మిత్రుని ఇంట్లో కూర్చున్నాము. ఆయనది కొబ్బరి వ్యాపారం. డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్న ఆయన కుమారుడు ఒక నోటుపుస్తకం, తన ఫోను తెచ్చి మా ముందు పెట్టాడు.

“చాచా, నేను నడుపుతున్నది ఆటా, జూదమా? మీరే చెప్పాలి” అని అడిగాడు.

ఆ ప్రశ్న వినగానే తండ్రి తలెత్తి చూశారు. లోపలి గదిలో గిన్నెలు సర్దుతున్న తల్లి గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడ్డారు. ఆ ఇంట్లో ఈ విషయమై అంతకుముందే వాదన జరిగిందని మాకు అర్థమైంది.

అబ్బాయి చెప్పిన వివరం ఇది. తన తోటి విద్యార్థులు, కువైట్‌లో పనిచేసే బంధువులు కలిపి ఇరవై ఆరుగురు ఫోనులో ఒక బృందంగా ఏర్పడ్డారు. మొదట క్రికెట్‌తో మొదలుపెట్టారు. టాస్ పడకముందే ఎవరు గెలుస్తారో ప్రతి ఒక్కరూ రాసి పంపాలి. సరిగ్గా ఊహించినవారికి రెండు మార్కులు. ఎవరి అంచనా ఏమిటో, ఏ సమయానికి అందిందో ఈ అబ్బాయి పుస్తకంలో రాస్తాడు. క్రికెట్ సీజను ముగిసేసరికి ఆట ఆపడానికి ఎవరికీ మనసు రాలేదు. కువైట్‌లోని బంధువు ఒకరు జపాను మల్లయుద్ధమైన సుమోను పరిచయం చేశారు. అప్పటి నుండి పుస్తకంలో క్రికెట్ జట్ల పేర్లకు బదులు జపాను మల్లుల పేర్లు చేరాయి.

సుమో గురించి మన పాఠకుల్లో చాలామందికి తెలియకపోవచ్చు. సంవత్సరానికి ఆరు పెద్ద పోటీలు జరుగుతాయి. జనవరి, మార్చి, మే, జులై, సెప్టెంబరు, నవంబరు నెలల్లో ఒక్కొక్కటి పదిహేను రోజులు నడుస్తుంది. ఉన్నత శ్రేణిలో 42 మంది మల్లులు ఉంటారు. వారిలో ప్రతి ఒక్కరూ రోజుకొక కుస్తీ పడతారు. పదిహేనింటిలో కనీసం ఎనిమిది గెలిచినవారి స్థానం సాధారణంగా పెరుగుతుంది, ఏడు లేదా అంతకంటే తక్కువ గెలిస్తే తగ్గుతుంది. ప్రతి పోటీకి సుమారు రెండు వారాల ముందు ‘బంజుకే’ అనే స్థానాల పట్టిక విడుదలవుతుంది. ఇంత పక్కా లెక్క ఉన్న క్రీడ కనుక అంచనాల ఆటకు చక్కగా సరిపోతుంది.

ఈజిప్టు నుండి వెళ్ళిన అబ్దుర్రహ్మాన్ షాలాన్ అనే ముస్లిం యువకుడు ‘ఒసునారాషి’ అనే పేరుతో ఈ బరిలో దిగాడు. వృత్తి సుమోలో ప్రవేశించిన తొలి ఆఫ్రికా ఖండవాసి అతడే. 2013 నవంబరులో ఉన్నత శ్రేణికి చేరాడు. రమదాన్ నెలలో పడిన పోటీల్లో ఉపవాసం ఉంటూనే కుస్తీ పట్టాడని ఆనాటి పత్రికలు రాశాయి. ఆ సంగతి చెప్పేటప్పుడు అబ్బాయి కళ్ళల్లో మెరుపు కనిపించింది.

ప్రపంచమంతటా చెదిరి ఉన్న సుమో అభిమానులు ఇటువంటి అంచనాల ఆటలను ఏళ్ళ తరబడి నడుపుతున్నారు. కొన్నింటిలో ప్రతిరోజూ విజేతలను ఊహించాలి. కొన్నింటిలో రాబోయే పట్టికలో ఏ మల్లుడు ఏ స్థానంలో ఉంటాడో ముందే రాసి పంపాలి. బాగా ఊహించిన ఆటగాడికి దక్కేది డబ్బు కాదు, ఆటగాళ్ళ కోసమే తయారుచేసిన మరో పట్టికలో ఒక మెట్టు పైకి ఎక్కడం. అసలు మల్లుల మాదిరే వారు కూడా ఎక్కుతారు, దిగుతారు. లెక్క చూసే నిర్వాహకులు జీతం లేకుండా, అభిమానంతోనే ఆ పని చేస్తారు. జొన్నాడ అబ్బాయి పుస్తకంలో ఉన్నదీ అటువంటి పట్టికే.

ఇంతవరకు మాకు అభ్యంతరం ఏమీ కనబడలేదు. అసలు సంగతి ఆ తర్వాత బయటపడింది.

బృందంలో కొందరు, “మార్కులతో మజా లేదు. తలా వంద రూపాయలు వేద్దాం. మొదటి స్థానం వచ్చినవారు తీసుకుంటారు. అందులో పదో వంతు అనాథ పిల్లలకు ఇద్దాం” అని ప్రతిపాదించారట. అందుకు మూడు సమర్థనలు చూపారు. ఇది అదృష్టం కాదు, నైపుణ్యం. పేదలకు మేలు జరుగుతుంది. హజ్రత్ అబూబక్ర్ (రజి) కూడా ఒకప్పుడు పందెం కట్టారు కదా! మూడూ వినసొంపుగానే ఉన్నాయి. అందుకే ఒక్కొక్కదాన్నీ నిదానంగా పరిశీలించాలి.

మొదటిది నైపుణ్యం. మన న్యాయస్థానాల్లో ఈ వాదన పాతది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో ఆడిన రమ్మీ గురించి 1960వ దశకం చివర్లో సుప్రీంకోర్టుకు వెళ్ళిన కేసులో, రమ్మీలో ప్రధానమైనది నైపుణ్యమేనని తీర్పు వచ్చింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు డబ్బు ఆటల సంస్థలన్నీ ఆ గొడుగు కిందే నిలబడ్డాయి. కానీ ధర్మం అడిగే ప్రశ్న వేరు. ఆడినవారికి తెలివి ఉందా లేదా అన్నది కాదు. ఇరువైపులా సొమ్ము పణంగా పెట్టి, ఒకరి నష్టమే మరొకరి లాభమయ్యేలా, ఎవరికి ఏది దక్కుతుందో తెలియని ఫలితానికి దాన్ని వదిలేశారా లేదా అన్నదే ప్రశ్న. మల్లయుద్ధంలో నైపుణ్యం మల్లుడిది. జొన్నాడలో కూర్చుని వంద రూపాయలు వేసినవాడు బరిలో దిగలేదు.

రెండవది దానం. దీనికి సమాధానం ‘మైసిర్’ అనే పదం చరిత్రలోనే ఉంది. అజ్ఞాన కాలంలో అరబ్బులు ఒంటెను కోసి, మాంసాన్ని భాగాలు చేసి, గుర్తులున్న బాణాలను ఒక్కొక్కటిగా బయటకు తీసేవారు. వాటా రాని బాణం ఎవరి పేర వస్తే వారు ఒంటె ధర భరించేవారు. గెలిచినవారు ఆ మాంసాన్ని తాము తినకుండా పేదలకు పంచడం గొప్పగా భావించేవారని వ్యాఖ్యాతలు రాశారు. అంటే పేదల పేరు చెప్పుకొనే జూదం అప్పుడే ఉంది! దివ్యఖుర్‌ఆన్ అల్‌బఖర సూరా 219వ వాక్యం జూదంలో ప్రజలకు కొంత ప్రయోజనం ఉందని ఒప్పుకుంటూనే, దాని పాపం ఆ ప్రయోజనం కంటే పెద్దదని తేల్చింది. పదో వంతు అనాథలకు ఇచ్చినంత మాత్రాన మిగిలిన తొమ్మిది వంతులు శుద్ధి కావు. అనాథలకు ఇవ్వాలనే మనసుంటే ఆ వంద రూపాయలూ నేరుగా వారికే ఇవ్వవచ్చు.

మూడవది హజ్రత్ అబూబక్ర్ (రజి) ఉదంతం. పర్షియన్ల చేతిలో రోమన్లు ఓడినప్పుడు మక్కా బహుదైవారాధకులు సంతోషించారు. కొద్ది సంవత్సరాల్లోనే రోమన్లు తిరిగి గెలుస్తారని అర్రూమ్ సూరా ప్రకటించింది. ఆ మాటపై నమ్మకంతో అబూబక్ర్ (రజి) ఖురైషీయులతో పందెం కట్టారు. ఆ మాట నిజమైంది. అయితే ఈ ఉదంతాన్ని నమోదు చేసిన తిర్మిజీ సంకలనంలోనే, ఇది పందేలు నిషేధం కాకముందు జరిగిందని స్పష్టంగా ఉంది. పైగా అది క్రీడాభిమాని ఊహ కాదు, దైవవాణిపై విశ్వాసం. ఆనాటి సంఘటనను తెచ్చి నేటి వంద రూపాయలకు గొడుగు పట్టడం న్యాయం కాదు.

మేము ఇంత చెప్పాక గుమ్మం దగ్గర నిలబడిన తల్లి మొదటిసారి నోరు విప్పారు. “వీడి స్నేహితుడు ఒకడు ఫోనులో క్రికెట్ పందేలాడి వాళ్ళ అమ్మీ డ్వాక్రా వాయిదా కట్టడానికి దాచుకున్న డబ్బు పోగొట్టాడు. అదీ ముందు వందతోనే మొదలైంది. ఆ రోజు ఆమె మా ఇంటికొచ్చి ఏడ్చింది. నా భయమంతా అదే” అన్నారు.

ఆమె భయం నిరాధారమైనది కాదు. సంక్రాంతి వస్తే కోడిపందేల బరులు లేచే నేల ఇది. పందెం రుచి ఎలాంటిదో ఇక్కడివారికి కొత్తగా చెప్పనవసరం లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. నిర్వాహకులకు మొదటిసారి ఏడాది వరకు, ఆడినవారికి ఆరు నెలల వరకు జైలుశిక్ష ఉంటుందని అప్పుడు ప్రకటించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం మరో అడుగు ముందుకు వేసింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న భేదం లేకుండా డబ్బుతో ఆడించే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధించింది. వాటిని నడిపేవారికి మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. డబ్బు పణంగా పెట్టని వినోదపు ఆటలను మాత్రం ఆ చట్టం అడ్డుకోలేదు. ఈ రెండు చట్టాల బరువు ఎక్కువగా పడేది నిర్వాహకుడి మీదే. ఆ అబ్బాయి చేతిలో ఉన్నది నోటుపుస్తకమే కావచ్చు, కానీ అందులో వంద రూపాయల గడి ఒకటి గీయగానే అతని స్థానం మారిపోతుంది.

పందెం క్రీడను కూడా బతకనివ్వదు. ఇందుకు సుమో చరిత్రే సాక్ష్యం. 2010లో కొందరు మల్లులు బేస్‌బాల్ ఆటలపై అక్రమంగా పందేలు కాసినట్టు బయటపడింది. కొతోమిత్సుకి అనే అగ్రశ్రేణి మల్లుణ్ణి సుమో సంఘం బహిష్కరించింది. ఆ జులై పోటీలను జపాను జాతీయ ప్రసార సంస్థ ప్రత్యక్షంగా చూపలేదు. దర్యాప్తులో పోలీసులు స్వాధీనం చేసుకున్న ఫోన్లలో, డబ్బు తీసుకుని కుస్తీలు ఓడిపోవడానికి చేసుకున్న ఒప్పందాల సందేశాలు దొరికాయి. దాంతో 2011 మార్చి పోటీ పూర్తిగా రద్దయింది. ఇటువంటి రద్దు 65 ఏళ్ళలో అదే మొదటిసారి. ఎవరో ఆడే బేస్‌బాల్ మీద పెట్టిన పందెం, చివరకు తమ బరినే ఖాళీ చేసింది.

ఇదంతా విన్నాక అబ్బాయి తేలికపడ్డాడు. “అయితే డబ్బు లేకపోతే చాలు కదా, చాచా!” అన్నాడు.

“చాలదు, బేటా” అని చెప్పవలసి వచ్చింది. అల్‌మాయిద సూరా 90, 91 వాక్యాలు మద్యాన్నీ జూదాన్నీ నిషేధిస్తూ రెండు కారణాలు చెప్పాయి. ఒకటి, వాటి ద్వారా షైతాను మనుషుల మధ్య శత్రుత్వాన్ని, ద్వేషాన్ని రేపుతాడు. రెండు, అల్లాహ్ స్మరణ నుండి, నమాజు నుండి వారిని ఆపుతాడు. డబ్బు తీసేస్తే జూదం పోతుంది. కానీ ఈ రెండు హానులూ డబ్బు లేని ఆటలోకి కూడా చొరబడగలవు.

ఆ మాటకు తండ్రి ఫోను వైపు చూపించి, “ఆ కుస్తీలు ఎన్ని గంటలకు వస్తాయి?” అని అడిగారు. అబ్బాయి తల దించుకున్నాడు. జపానులో ఉన్నత శ్రేణి కుస్తీలు సాయంత్రం ఆరు గంటలకు ముగుస్తాయి. మన గడియారంలో అది మధ్యాహ్నం రెండున్నర. అంటే చివరి రెండు గంటలూ సరిగ్గా జుహర్ వేళపై పడతాయి. పదిహేను రోజుల పోటీలో రెండు శుక్రవారాలు ఉంటాయి. ఆ రెండు రోజులూ జుమా ఖుత్బా జరిగే సమయంలో ఇరవై ఆరు ఫోన్లకు ఫలితాలు చేరుతున్నాయి. “నేను మస్జిద్‌కు వెళుతున్నాను, కానీ ఫోను జేబులో మోగుతూనే ఉంటుంది” అని అబ్బాయి నిజాయితీగా ఒప్పుకున్నాడు. ఇంతసేపూ వంద రూపాయల గురించే మాట్లాడుకున్న మాకందరికీ ఆ మాట ఒక మేల్కొలుపు.

ఇస్లాం ఆటకు విరోధి కాదు. దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం ఆడిన సంగతి అబూదావూద్ సంకలనంలో ఉంది. మొదట ఆమె గెలిచారు, తర్వాత ఎప్పుడో ఆయన గెలిచి, నాటి దానికి ఇది సరి అని ఆమెతో అన్నారు. భార్యాభర్తల మధ్య ఆ సరదాలో పైసా లేదు, పగ లేదు. మన ఇళ్ళలో ఆటలకు కొలత అదే కావాలి.

అటువంటి బృందాలు నడిపే యువతకు, వారి తల్లిదండ్రులకు మేము చెప్పేది ఇది.

ఒకటి: ప్రవేశ రుసుము, చందా, రీచార్జి, ఓడినవారు పెట్టవలసిన బిర్యానీ, ఏ రూపంలోనైనా ఆటగాళ్ళ జేబు నుండి పణం రాకూడదు. బయటివారు బహుమతి ఇస్తామంటే ముందుగా స్థానిక ధర్మవేత్తను అడగాలి.

రెండు: ఆట మొదలుకాకముందే అంచనాలు అందాలి. గడువు దాటిన అంచనాను, అది సొంత తమ్ముడిదైనా సరే, స్వీకరించరాదు. పట్టిక అందరికీ కనబడాలి. లెక్క చూడడం కూడా ఒక అమానతే.

మూడు: నమాజు వేళల్లో అంచనాలు, ఫలితాలు, చర్చలు ఉండకూడదు. ఫలితాలు అసర్ తర్వాత ప్రకటిస్తే కుస్తీ ఏమీ మారిపోదు.

నాలుగు: ఓడినవారిని ఎగతాళి చేసే సందేశాలను నిర్వాహకుడు వెంటనే ఆపాలి.

ఐదు: ఆటగాళ్ళ ఫామును చూసి వేసే అంచనా వేరు, జోస్యం వేరు. అగోచర జ్ఞానం అల్లాహ్‌ది. మన అంచనా తప్పుతుందనే ఎరుక ఆటకు అందం కూడా.

పిలిచేవాడి బాధ్యత ఎంతటిదో బుఖారీ, ముస్లిం సంకలనాల్లోని ఒక హదీసు తెలుపుతుంది. జూదమాడదాం రమ్మని స్నేహితుణ్ణి పిలిచినవాడు, ఆ మాట అన్నందుకే దానం చేయాలని దైవప్రవక్త (స) ఆదేశించారు. ఆడకముందే, పిలుపుకే పరిహారం!

మేము బయలుదేరేముందు అబ్బాయి పుస్తకం చివరి పుట తెరిచాడు. వంద రూపాయల ప్రతిపాదనకు సరే అన్నవారి పేర్లు అక్కడ రాసి ఉన్నాయి. మొత్తం తొమ్మిది. ఆ పుటను చింపి తండ్రి చేతికిచ్చాడు. తర్వాత ఫోను తీసి బృందానికి సందేశం పంపాడు: డబ్బు ఉండదు, ఫలితాలు ఇకపై అసర్ తర్వాతే. అది చేరిన కాసేపటికే నలుగురు బృందం నుండి తప్పుకున్నారు. అతని ముఖం చిన్నబోయింది. తల్లి మాత్రం దగ్గరకు వచ్చి కొడుకు తల నిమిరారు.

ఇరవై ఆరులో ఇరవై ఇద్దరు మిగిలారు. వారిలో డ్వాక్రా డబ్బు పోగొట్టిన కుర్రవాడు కూడా ఉన్నాడని అబ్బాయి చెప్పాడు. పందెం మానాలనుకునేవారికి కూర్చోవడానికి ఒక చోటు కావాలి. ఆ చోటును పరిశుభ్రంగా ఉంచే శక్తిని అల్లాహ్ మన పిల్లలకు ప్రసాదించుగాక! ఆమీన్.